ఖాళీ బండి ఎవుడిదైనా గుర్రమే

ట్యాగ్ దాచేశాననే అనుకున్నాను.

అవతలి కంపెనీ షోరూమ్‌లో ఏసీ కింద కూర్చుని, వాళ్ళిచ్చిన కాఫీ తాగుతూ, "మైలేజ్ ఎంతొస్తుంది బ్రదర్?" అని ఏమీ తెలియని అమాయకుడిలా అడుగుతున్నాను. ఎదురుగా ఉన్న సేల్స్ కుర్రాడు జవాబు చెప్పకుండా నా చొక్కా జేబు వైపే చూస్తున్నాడు. కార్డునైతే జేబులో కుక్కాను కానీ, దాని నీలం తాడు బయటికి వేలాడుతోంది. ఆ తాడు నిండా మా కంపెనీ పేరే.

కుర్రాడు కొంచెం ముందుకు వంగి, "అన్నా, తాడు లోపల పెట్టుకోండి. మా మేనేజర్ పైనే ఉన్నాడు" అన్నాడు. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. అతనే మళ్ళీ, "టెన్షన్ పడకండి. పోయిన వారం మీ షోరూమ్‌కి నేనొచ్చా. మా చిన్నాన్నకి బండి కావాలని చెప్పా. మీరు ఆ రోజు లీవ్‌లో ఉన్నారు" అన్నాడు.

పక్కనున్న మామ మాత్రం ఈ గూఢచర్యం ఏమీ పట్టించుకోలేదు. ఆయన అప్పటికే బయటికెళ్ళి, డెమో బండి కింద సగం దూరి, చేత్తో ఏదో లెక్కపెడుతున్నాడు.

నేను చేసేది పికప్ బండ్లు అమ్మే ఉద్యోగం. మదనపల్లె దగ్గర. బీటెక్ మెకానికల్ చదివి, బెంగళూరులో రెండేళ్ళు తిరిగి, చివరికి ఇంటికి దగ్గరగా ఉంటుందని ఇందులో చేరాను. కంపెనీ పేరు చెప్పను. ఉద్యోగం ఇంకా ఉంది, ఉండాలని కోరిక కూడా ఉంది. మా మార్కెట్ యార్డు బయట తెల్లారుజామున నిలబడితే బొలెరో పికప్‌లు, యోధలు, దోస్త్‌లు, టాటా ఏస్‌లు వరసగా కనిపిస్తాయి. నేను అమ్మేది, మామ ఆ రోజు చూడ్డానికెళ్ళింది ఆ గుంపులోవే అనుకోండి, చాలు.

2005లో టాటా ఏస్ వచ్చాక చిన్న లోడు బండి అంటే సొంత వ్యాపారం అన్న ఆలోచన మొదలైందని మాకు ట్రైనింగ్‌లో చెప్పారు. 'ఛోటా హాథీ' అని పిలిచేది దాన్నే. ఆ తర్వాత పల్లెల్లో ఎంతమంది డ్రైవర్లు ఓనర్లయ్యారో మా ఇంట్లోనే చూశాను. మా అమ్మ తమ్ముడు, అంటే మా చిన్నమామ, అలా ఓనరైన మనిషే. 2011లో ఒక పికప్ కొన్నాడు, మా కంపెనీదే. పద్నాలుగేళ్ళుగా దాంతోనే టమాటా తోలుతున్నాడు. మదనపల్లెలో రాత్రి లోడెత్తి, పుంగనూరు, పలమనేరు, మొగిలి ఘాట్, చిత్తూరు, రాణిపేట మీదుగా చెన్నై కోయంబేడు. దాదాపు 250 కిలోమీటర్లు. తెల్లారేలోపు దించాలి. తిరుగు ప్రయాణంలో ఖాళీ క్రేట్లు.

ఆ బండికి ఇంజన్ పని రెండుసార్లు అయింది. ఏటా ఫిట్‌నెస్‌కి వెళ్ళాలి, వెళ్ళిన ప్రతిసారీ ఏదో ఒక ఖర్చు. పోయినేడు వానాకాలంలో పుంగనూరు దాటాక గేర్‌బాక్స్ పట్టేసి, లోడంతా వేరే బండికి మార్చేసరికి తెల్లారిపోయింది. కోయంబేడు చేరేసరికి బేరం అయిపోయింది. టమాటా సంగతి మీకు తెలుసుగా. 2023 జూలైలో కిలో వంద దాటితే దేశమంతా మా ఊరి పేరు టీవీలో చూసింది. అదే టమాటా ఇంకో నెలలో కోత కూలి కూడా గిట్టక రోడ్డు పక్కన పారబోస్తారు. ధర ఎంతున్నా బండి మాత్రం టైముకి చేరాలి. ఎందుకంటే రైతు ఆశంతా ఆ ఒక్క ఉదయం మీదే ఉంటుంది.

"ఇంగ కొత్తది తీస్కోవాల అల్లుడా" అని మామ ఫోన్ చేసింది 2025 ఆగస్టులో.

ఆ నెల ఎలాంటి నెలో చెప్పాలి. ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీద నుంచి, దీపావళికి జీఎస్టీ తగ్గించే కానుక ఉంటుందని చెప్పారు. ఆ మర్నాటి నుంచి మా షోరూమ్‌కి వచ్చే ప్రతి మనిషీ టీ తాగి, బండి చుట్టూ తిరిగి, "దీపావళి కానీప్పా" అని వెళ్ళిపోతున్నాడు. నా టార్గెట్ ఆరు బండ్లు. వినాయక చవితి డెలివరీలు కలుపుకుని ఐదయ్యాయి. ఆరోది పడితే ఇన్సెంటివ్ పన్నెండు వేలు, పడకపోతే గుండు సున్నా. అలాంటి నెలలో సొంత మేనమామ ఫోన్ చేస్తే నాకేమనిపించాలి? విఘ్నేశ్వరుడే పంపాడనుకున్నాను. మా మేనేజర్ అయితే ఇంకో అడుగు ముందుకేసి, "మీ మామేగా, చూడ్డం ఎందుకు, సంతకం పెట్టించు" అన్నాడు.

మామ వచ్చాడు, మా కొత్త మోడల్ చూశాడు. నేను చెప్పాల్సిందంతా చెప్పాను. హార్స్‌పవర్ ఎంత, టార్క్ ఎంత, ఎన్ని ఆర్‌పీఎం దగ్గర వస్తుంది, ఎంత డౌన్‌పేమెంట్, ఈఎంఐ ఎంత. తొమ్మిది లక్షల లోన్ పదకొండు శాతం వడ్డీకి నాలుగేళ్ళకి తీసుకుంటే నెలకు 23 వేల పైమాటే. మామ అంతా విని ఒకే ప్రశ్న అడిగాడు.

"లోడేసి తోలినావా నువ్వు దీన్ని?"

తోలలేదు. మూడేళ్ళలో నలభైకి పైగా బండ్లు అమ్మాను. ఖాళీ డెమో బండిని బైపాస్ దాకా తీసుకెళ్ళి, ఫ్లైఓవర్ కింద తిప్పుకొచ్చేవాణ్ణి. అంతే. ఒక్కసారి కూడా వెనక టన్నున్నర పెట్టుకుని తోలలేదు.

"మరి వాళ్ళది?"

"వాళ్ళదా? వాళ్ళ బండి నేనెందుకు తోల్తా మామా?"

"అయితే రేప్పొద్దున రా. నాకు పక్కన చదువుకున్నోడు ఒకడుండాల."

అలా వినాయక చవితి మర్నాడు నేను ఆ ఏసీ కింద తేలాను.

మామ బండి చూసే పద్ధతి వేరే. ఇంజన్ బానెట్ చివరికి తెరిచాడు. ముందు వెనక్కి వెళ్ళి కమాన్ కట్టల్లో ఎన్ని పట్టీలున్నాయో లెక్కపెట్టాడు. తొట్టి అంచు నేల నుంచి తన నడుముకి ఎంత ఎత్తులో ఉందో నిలబడి చూసుకున్నాడు. నేను మొదట నవ్వుకున్నాను. "అరవై క్రేట్లు ఎత్తేది హమాలీ. నాలుగు వేళ్ళు ఎత్తెక్కువైతే వాని నడుముకి తెలుస్తాది" అన్నాడు. వెనక డోర్ గొళ్ళెం నాలుగుసార్లు వేసి తీశాడు. తాడు కట్టే కొక్కేలు చేత్తో లాగి చూశాడు. స్టెప్నీ టైరు దింపడానికి ఎంతసేపు పడుతుందో ఆ కుర్రాణ్ణి దింపి చూపించమన్నాడు. పాపం, ఆ పిల్లాడు తెల్ల చొక్కా వేసుకొచ్చాడు.

తర్వాత టెస్ట్ డ్రైవ్. నేను మావాళ్ళకి చూపించే రూటు లాంటిదే వీళ్ళకీ ఉంది. సాఫ్‌గా ఉన్న రోడ్డు, ఒక చిన్న ఎత్తు, యూ టర్న్, మళ్ళీ షోరూమ్. మామ స్టీరింగ్ పట్టాడు. బండి బాణంలా పోయింది. స్పీడ్ బ్రేకర్ మీద మాత్రం వెనక భాగం ఎగిరి పడింది. ఖాళీగా ఉన్న పికప్ ఎగురుతుంది, అందులో వింతేం లేదు. టన్నున్నర మోయడానికి కట్టిన కమాన్లు ఖాళీ తొట్టిని ఎలా ఊపుతాయి? రాయిలా ఉంటాయి.

తిరిగొచ్చాక కుర్రాడు "ఎలా ఉంది సార్?" అన్నాడు ఆశగా.

"ఖాళీ బండి ఎవుడిదైనా గుర్రమే నాయనా. లోడేసియ్యి."

అతను నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. డెమో బండికి లోడ్ వేయడం కుదరదనీ, పైన అడగాలనీ ఏదేదో చెప్పాడు. మామ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "అడగి రా. మేముంటాం" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, తొందర కూడా లేదు. టమాటా మండీలో వేలం పాటకి కూర్చున్నట్టే కూర్చున్నాడు. అరగంట తర్వాత వాళ్ళ మేనేజరే దిగొచ్చాడు. వర్క్‌షాప్ వెనక ఇసుక బస్తాలున్నాయన్నాడు, యాభై కిలోలవి. లోడ్ డెమో కోసమని ఎప్పుడో తెప్పించారట. మా షోరూమ్ వెనక కూడా అలాంటి బస్తాలే ఉన్నాయి. వాటి మీద మా వాచ్‌మన్ మధ్యాహ్నం నిద్రపోతాడు.

ముప్పై బస్తాలు వేశారు. హమాలీ డబ్బులు మామే ఇచ్చాడు. వాళ్ళు వద్దన్నా వినలేదు. "రేపు కొనకపోతే మాటుండకూడదు" అన్నాడు.

హార్సిలీ హిల్స్ మీలో కొందరు బైక్ మీద వెళ్ళే ఉంటారు, రీల్స్ కూడా తీసుంటారు. మదనపల్లె నుంచి దాదాపు 30 కిలోమీటర్లు. మా పెద్దోళ్ళకి అది ఏనుగు మల్లమ్మ కొండ. బ్రిటిష్ కాలంలో కడప కలెక్టర్‌గా చేసిన హార్సిలీ అక్కడ బంగ్లా కట్టుకున్నాక పేరు మారింది. పైన ఎత్తు 1,265 మీటర్లు. మేం పై దాకా వెళ్ళలేదు, సగం మలుపులు చాలనుకున్నాం. ముందు మామ, పక్కన నేను, కిటికీ వైపు ఆ కుర్రాడు.

ఎక్కేటప్పుడు బండి అసలు స్వభావం తెలిసింది. డీజిల్ ఇంజన్ గురించి నేను బోర్డు మీద బొమ్మ గీసి చెప్పగలను. పరిగెత్తించేది హార్స్‌పవర్, లాగేది టార్క్, ఆ లాగుడు తక్కువ ఆర్‌పీఎంలోనే రావాలి అని. కానీ హెయిర్‌పిన్ మలుపులో, స్పీడ్ పది కిలోమీటర్లకి పడిపోయి, వెనక ముప్పై బస్తాలు కిందికి గుంజుతుంటే, రెండో గేర్‌లో ఇంజన్ ఒక్క క్షణం ఆలోచించి మళ్ళీ అందుకోవడం... అది సీట్లోంచి వెన్నుకి తెలిసింది. మామ క్లచ్ ముట్టలేదు. ఫస్ట్ గేర్ కోసం చెయ్యి వెళ్ళలేదు. మూడు మలుపులూ అంతే. ఆయన ఏమీ అనలేదు కానీ, కనుబొమలు పైకి లేపాడు. మా మామ విషయంలో అది చప్పట్లు కొట్టినట్టు.

కొంచెం వెడల్పుగా ఉన్నచోట బండి తిప్పి ఆపాడు. కిందికి దిగి, "ఇప్పుడు నువ్వు దించు" అన్నాడు నాతో.

నా దగ్గర కారు లైసెన్సే ఉంది. అది అడ్డం కాదని నాకు తెలుసు. 7,500 కిలోల లోపు రవాణా బండిని ఎల్‌ఎంవీ లైసెన్స్‌తో నడపొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబర్‌లో తేల్చింది. కస్టమర్లకి నేనే చెబుతుంటాను. లోడుతో కలిపినా ఈ బండి అందులో సగం బరువు కూడా ఉండదు. లైసెన్స్ ఉంది సరే, గుండె ఉండాలి కదా.

మూడో గేర్‌లో మొదలుపెట్టాను. ఇంజన్ చప్పుడు లేకుండా హాయిగా జారుతోంది. ఆ హాయే ప్రమాదం. మలుపు దగ్గరికి వచ్చేసరికి అనుకున్నదానికంటే వేగంగా ఉన్నాను. బ్రేక్ నొక్కాను, తగ్గింది. వదిలాను, మళ్ళీ పెరిగింది. మళ్ళీ నొక్కాను. రెండో మలుపులో తొట్టిలోని బస్తాలు ఒక పక్కకి ఒరిగిన చప్పుడు వినిపించింది. మూడో మలుపు ముందు చిన్నగా కాలిన వాసన. కిటికీ వైపున్న కుర్రాడు డ్యాష్‌బోర్డ్ మీద చెయ్యి పెట్టుకున్నాడు. పాపం, బండి పోతే అతని ఉద్యోగం.

"కాలు తీయ్" అన్నాడు మామ మెల్లగా.

తీస్తే పోతుంది మామా అన్నాను.

"పోదు. ఒక్కసారి గట్టిగా నొక్కి స్పీడు చంపు. రెండోది వేయ్. కాలు తీయ్."

వేశాను. ఇంజన్ ఒక్కసారి ఊళ పెట్టింది. బండి ఎవరో వెనక నుంచి తోక పట్టుకున్నట్టు ఆగి ఆగి దిగడం మొదలెట్టింది. బ్రేక్ మీద కాలు లేదు. ఇరవై దాటడం లేదు.

"ఇంతసేపూ బండి నిన్ను దించతా ఉండింది. ఇప్పుడు నువ్వు బండిని దించతా ఉండావు" అన్నాడు మామ.

మీలో లోడు బండ్లు నడిపేవాళ్ళకి ఇది పాత సంగతే. ఏ గేర్లో ఎక్కుతామో ఆ గేర్లోనే దిగాలని ప్రతి డ్రైవరూ చెప్తాడు. నేను పుస్తకంలో చదివింది కూడా అదే. ఊరికే నొక్కుతూ వదులుతూ దిగితే డ్రమ్ములు వేడెక్కి, పట్టు తగ్గిపోతుంది. చాలా పికప్‌లలో వెనక బరువుని బట్టి వెనక చక్రాల బ్రేక్ ఒత్తిడి మారే వాల్వ్ ఒకటుంటుంది. అంటే ఖాళీ బండిలో మీరు నొక్కిన బ్రేక్, లోడు బండిలో నొక్కే బ్రేక్, పెడల్ ఒకటే అయినా రెండూ ఒకటి కావు. షోరూమ్ వాళ్ళం మేం చూపించేది మొదటిది. మీరు ఈఎంఐ కట్టేది రెండో దానికి.

ఇంకోటి కూడా చెప్పాలి. మామ స్నేహితుడొకాయన మొగిలి ఘాట్‌లో డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవాడు. ఒక్కోసారి ఇంజన్ కూడా ఆపేసేవాడు. ఇంజన్ ఆగితే బ్రేక్‌కి సాయంచేసే వ్యాక్యూమ్ రెండు మూడు నొక్కులకే అయిపోతుంది. తర్వాత పెడల్ రాయి. ఒక రాత్రి క్రేట్లన్నీ రోడ్డు మీద. మనిషి బతికాడు, కుడి కాలు పోయింది. తమాషా ఏంటంటే, ఇప్పటి డీజిల్ ఇంజన్లలో గేర్‌లో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజన్‌కి డీజిల్ పోవడమే ఆగిపోతుంది. న్యూట్రల్‌లో పెడితేనే ఐడ్లింగ్‌కి డీజిల్ తాగుతుంది. మిగలని డీజిల్ కోసం ఆయన కాలు పోగొట్టుకున్నాడు. ఇది తెలిసినవాణ్ణి నేను. ఏ కస్టమర్‌కీ చెప్పిన పాపాన పోలేదు. మైలేజ్ ఎంతని అడిగితే బ్రోచర్‌లో నంబర్ చదివేవాణ్ణి.

అప్పుడే నాకు ఇంకో విషయం వెలిగింది. మదనపల్లె ఎత్తులో ఉంది. చిత్తూరు, చెన్నై కింద ఉన్నాయి. మామ బండి లోడుతో కిందికి దిగుతుంది, ఖాళీగా పైకెక్కుతుంది. నేనేమో ఇన్నాళ్ళూ టమాటా డ్రైవర్లందరికీ "ఎక్కుడుకి పవర్ చాలా బాగుంటుంది అన్నా" అని అమ్మాను. వాళ్ళ ప్రాణం ఉన్నది దిగుడులో.

రెండు రోజుల తర్వాత, శనివారం పొద్దున్నే, మా వాచ్‌మన్‌ని లేపి ఇసుక బస్తాలు తీయించాను. మా మేనేజర్‌కి నచ్చలేదు కానీ మంత్ ఎండ్ కాబట్టి వద్దనలేదు. అదే రోడ్డు, అవే ముప్పై బస్తాల లెక్క, అదే మామ. మా బండి బాగానే చేసింది. అబద్ధం చెప్పను, సీటు మాదే సుఖం, తొట్టి మాదే పొడుగు, ఇంకో నాలుగు క్రేట్లు పడతాయి. కానీ రెండు మలుపుల్లో ఫస్ట్ గేర్‌కి రావాల్సొచ్చింది. దిగేటప్పుడు అదే రెండో గేర్‌లో ఇంకాస్త వేగంగా జారింది. మధ్యమధ్య బ్రేక్ అందుకోక తప్పలేదు. పెడల్ కొంచెం లోపలికి వెళ్తోంది. బ్రోచర్‌లో ఈ మూడూ ఉండవు.

కింద టీ బంకు దగ్గర ఆపాం. మామ టీ ఊదుకుంటూ, నన్ను చూడకుండానే అడిగాడు.

"చెప్పు అల్లుడా. నీ దుడ్లయితే నువ్వేది తీస్కుంటావు?"

చాలా మంది కస్టమర్లు ఇదే అడుగుతారు. 'మాదే అన్నా, కళ్ళు మూసుకుని తీసుకోండి' అనే జవాబు నాకు నోటికొచ్చు. ట్రైనింగ్‌లో నేర్పింది. ఆ రోజు నాలుక మీదికి కూడా వచ్చింది. పన్నెండు వేలు చిన్న మొత్తం కాదు, చెల్లి హాస్టల్ ఫీజు ఆ నెల కట్టాలి. పైగా మా బండేం చెడ్డది కాదు, అమ్మినా పాపం కాదు. ఇదంతా టీ గ్లాసు సగం అయ్యేలోపు ఆలోచించాను.

"వాళ్ళదే మామా" అన్నాను. "నువ్వు పోయే దోవకి వాళ్ళదే."

మామ తలూపాడు. "మరి రాత్రి రెండు గంటలకి రాణిపేట కాడ ఆగిపోతే? నా పాత బండికయితే పలమనేరు నుండి వాలాజా దాకా ప్రతి మెకానిక్కూ నాకు తెలుసు. వాళ్ళ బండి ముట్టేదానికి భయపడతారు."

ఇదీ నిజమే. దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు. కొత్త బీఎస్6 బండ్లన్నీ అంతే, మాదయినా వాళ్ళదయినా. పొగలోని మసిని పట్టే ఫిల్టర్, సెన్సార్లు, కంప్యూటర్ పెట్టి చూడనిదే లోపం తెలీదు. పాత స్పానర్ మెకానిక్ ఏదానికైనా చేతులెత్తేస్తాడు అని చెప్పాను. వారంటీలో ఆగిపోతే లాక్కెళ్ళే సర్వీస్ రాసివ్వమని అడుగు, మాట కాదు, కాయితం మీద తీసుకో అన్నాను. ఓవర్‌లోడ్ వద్దని కూడా చెప్పాను. పట్టుబడితే 2019 చట్టం ప్రకారం ఇరవై వేలు, పైన ప్రతి టన్నుకీ రెండు వేలు. అదటుంచినా, ఆ బ్రేకులు కట్టింది ఆ బరువుకే. చివరగా, ఎలాగూ మునిగాను కదా అని, "ఇప్పుడే కొనొద్దు మామా. టాక్స్ తగ్గుతుందంటున్నారు, ఒక్క నెల ఆగు" అని కూడా చెప్పేశాను.

మామ గ్లాసు పక్కన పెట్టి మొదటిసారి నా వైపు చూశాడు. "ఏమిరా, ఉద్యోగం మానేస్తా ఉండావా?"

ఆగస్టు నాకు ఐదు బండ్లతోనే ముగిసింది. ఇంట్లో అమ్మ రెండు రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడింది. తమ్ముడు కొడుకు చేతి మీద బండి తీసుకోకుండా వేరే వాళ్ళ దగ్గర తీసుకోవడం ఆవిడకి అవమానం. ఎందుకలా అయిందో చెబితే, "నీకు అమ్మడం చేతకాలేదు, అంతేగా" అంది. ఒక విధంగా అది కరెక్టే. మేనేజర్ వేరే మాటల్లో అదే అన్నాడు. ఆ మాటలు ఇక్కడ రాయలేను.

సెప్టెంబర్ 3న జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయం వచ్చింది. సరుకు బండ్ల మీద 28 శాతం ఉన్నది 18 అయింది, 22 నుంచి అమలు. తొమ్మిదిన్నర లక్షల బండి మీద లెక్కేస్తే 74 వేలు తగ్గినట్టు. నాలుగేళ్ళ లోన్ తీసుకునేవాడికి అది మూడు ఈఎంఐలు. మామ ఫోన్ చేసి థాంక్స్ లాంటిదేం చెప్పలేదు. "వాళ్ళు లాక్కొచ్చే సర్వీస్ కాయితం మీద రాసిచ్చినారు" అని మాత్రం చెప్పాడు.

దసరా రోజు మధ్యాహ్నం మా షోరూమ్ ముందు హారన్ మోగింది. బయటికొచ్చి చూస్తే మామ. తెల్లటి కొత్త బండి, ముందు అద్దానికి బంతిపూల దండ, చక్రాలకి పసుపు కుంకుమ, ఇంకా నంబర్ రాలేదు. సరిగ్గా మా కంపెనీ బోర్డు కింద ఆపాడు. కావాలనే చేశాడో, నీడ కోసం ఆపాడో ఇప్పటికీ చెప్పడు. కవర్‌లోంచి స్వీట్ బాక్స్ తీసి నా చేతిలో పెట్టాడు.

వెనక తలుపు చప్పుడైంది. మేనేజర్. నేను స్వీట్ బాక్స్ ఎక్కడ దాచాలో తెలీక అలాగే పట్టుకుని నిలబడ్డాను.

"ఎవరిదీ బండి?"

"మా మామది సార్."

ఆయన ఏమీ అనకుండా బండి చుట్టూ ఒక రౌండ్ తిరిగాడు. వెనక్కి వెళ్ళి, ఇస్త్రీ ప్యాంటు మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని వంగి, కమాన్ పట్టీలు లెక్కపెట్టాడు. లేచి చేతులు దులుపుకుని, మామ వైపు తిరిగాడు.

"అన్నా, ఒకసారి తాళం ఇస్తారా? బైపాస్ దాకా వెళ్ళొస్తా."

మామ తాళం తీసి ఇస్తూ, "ఖాళీగానేనా సార్?" అన్నాడు.